మేలుకొలుపు జాప్యం

సుభాషిణి ఆ నోటును ఒక్క పేజీలో రాయడమే పొరపాటయిపోయింది. పది పేజీలు రాసి ఉంటే డైరెక్టరుగారు చదివేవారు కాదు. చిప్పుల ఆఫీసులో ఎవరి కునుకు వారు మునుపటిలాగే గుట్టుగా తీసుకుంటూ ఉండేవారు.

విశాఖపట్నం ఊరి చివర కొండవాలులో ఉన్న ఆ ఆఫీసు అసలు పేరు అల్ప విద్యుత్ సూక్ష్మ వలయాల పరిశోధన కేంద్రం. అంత పేరు పలికే ఓపిక లేక ఆటోవాళ్లు చిప్పుల ఆఫీసు అంటారు. చాలా తక్కువ కరెంటుతో నడిచే చిప్పులు రూపొందించడం దాని పని. ఆ ఏడాది జూన్‌లో ఢిల్లీ నుంచి దానికొక ఉత్తరం వచ్చింది. అన్ని పరిశోధన కేంద్రాలలోకీ ఎక్కువ కరెంటు కాలుస్తున్నది తక్కువ కరెంటు కేంద్రమేనని తేలిందనీ, దీనికి సంజాయిషీ ఏమిటనీ ఆ ఉత్తరం మర్యాదగా అడిగింది. డైరెక్టరు డాక్టర్ కీర్తివర్ధనరావుగారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, ఏసీ ఇంకాస్త పెంచుకుని ఆలోచనలో పడ్డారు. సరిగ్గా ఆ సమయానికి ఆయన బల్ల మీద సుభాషిణి నోటు ఉంది.

సుభాషిణి అక్కడ పదేళ్లుగా ఇంజినీరు. మూడేళ్లుగా ఒక్క చిప్పు మీదే కూర్చుంది. కొండ ఊళ్లకు టీకా మందులు చల్లటి పెట్టెల్లో పోతాయి కదా, ఆ పెట్టెలో ఉండి నిమిషానికోసారి చలి సరిపోయిందో లేదో చూసే చిప్పు అది. చూడడానికి ఎంతోసేపు పట్టదు. మిగతా నిమిషమంతా నిద్రపోతుంది. చిక్కల్లా లేవడంలో ఉంది. చిప్పును నడిపించే గడియారం నిద్రలోంచి లేచి, ఒళ్లు విరుచుకుని, ఒక లయకు వచ్చేసరికి రెండు మిల్లీసెకన్లు పడుతుంది. మనకు అది రెప్పపాటులో ఇసుమంతే. కాని రోజుకు పధ్నాలుగు వందల నలభైసార్లు లేచే చిప్పుకు ఆ ఆవులింతల్లోనే బ్యాటరీ సగం ఖర్చయిపోతుంది. పాడేరు పైన ఒక ఊళ్లో అలా బ్యాటరీ చచ్చిన పెట్టెను సుభాషిణి స్వయంగా చూసింది. మందు చెడిందో బాగుందో చెప్పలేక అక్కడి నర్సమ్మ పెట్టె మొత్తం పారబోసింది. పిల్లల్ని ఎత్తుకుని కొండదిగి వచ్చిన తల్లులు మళ్లీ కొండెక్కి వెళ్లిపోయారు.

ఆగిపోయిన ఉయ్యాలను ఊపినట్టు, సరైన అదను చూసి నాలుగు తోపులు తోస్తే ఆ గడియారం ఇరవై మైక్రోసెకన్లలోనే, అంటే నూరో వంతు సమయంలోనే లయకు వస్తుందని సుభాషిణి కనిపెట్టింది. చిప్పు బొమ్మ గీయడం అయిపోయింది. ఇక దాన్ని చిప్పులు చేసే కార్ఖానాకు పంపాలి. ఆ కార్ఖానా ప్రభుత్వ సంస్థల బొమ్మలన్నీ కలిపి ఏడాదికి ఒక్కసారే అచ్చు వేస్తుంది. జులై ఆఖరి శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు దాని కంప్యూటరు తలుపు మూసేస్తుంది. డైరెక్టరుగారి సంతకం ఉన్న సమ్మతి పత్రం లేకపోతే బొమ్మ తీసుకోదు. ఈసారి తప్పితే మరో ఏడాది ఆగాలి. సుభాషిణి ప్రాజెక్టు గడువు మార్చితో సరి. అందుకే సంతకం చేయించడానికని, ఆయనకు అర్థమయ్యేలా, సులువుగా, ఒక్క పేజీలో ఆ నోటు రాసింది.

డైరెక్టరుగారికి అది మరీ బాగా అర్థమయింది.

మర్నాడే సిబ్బందినంతా సమావేశపరిచి, ఎర్ర సిరాతో గీతలు గీసిన ఆ కాగితాన్ని పైకెత్తి చూపించారు. పని లేని భాగం నిద్రపోవాలి అని రాసింది మన సుభాషిణమ్మ. మన కేంద్రంలో పని లేని భాగాలెన్ని? అని అడిగి, తానే ఆఫీసంతా కలయజూశారు. లోకానికి చెప్పే నీతిని మనమే పాటించకపోతే ఎలా అన్నారు. మనమే ఒక మహా చిప్పుగా మారాలి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. సుభాషిణి కూడా కొట్టింది. సమ్మతి పత్రం ఆ వారంలోనే సంతకమవుతుందని ఆమె అనుకుంది.

నాలుగు రోజుల్లో పరిపాలనాధికారి పేరిశాస్త్రిగారు సర్క్యులరు తెచ్చారు. ఆయన సర్క్యులరు రాస్తే కామాకు కూడా ఒక హోదా వస్తుంది. ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, పని లేని సమయమున మెలకువగా ఉండుట విద్యుత్తును, దేహశక్తిని దుబారా చేయుటగా పరిగణించబడును అని మొదలయింది. సుభాషిణి నోటులోని ప్రతి వాక్యమూ అందులో ఒక నిబంధనగా కూర్చుని ఉంది. పెద్ద భాగాలే ఎక్కువ కరెంటు తింటాయి కాబట్టి వాటిని గాఢంగా నిద్రపుచ్చాలని ఆమె రాసింది. అంచేత డైరెక్టరుకు గాఢ నిద్ర, విభాగాధిపతులకు అర్ధ నిద్ర, గుమాస్తాలకు తేలిక నిద్ర, అటెండర్లకు కునుకు మంజూరయ్యాయి. లేపే సంకేతం రాకుండా ఏ భాగమూ లేవకూడదని ఆమె రాసింది. అంచేత అటెండరు పైడితల్లి బల్ల పక్కన ఒక కరెంటు గంట బిగించారు. ఆమె నొక్కితే తప్ప ఎవరూ లేవరాదు. లేచిన గడియారం స్థిరపడిందని తేలేవరకు దాని మాట ఎవరూ వినకూడదని కూడా సుభాషిణి రాసింది. దాన్ని పేరిశాస్త్రిగారు ఏం చేశారో తర్వాత తెలుస్తుంది.

మొదటివారం దిండ్లకు టెండర్లు పిలవడంతో గడిచింది. హోదాను బట్టి దిండు మందం ఉండాలన్నారు. కునుకుకు దిండు అవసరం లేదని తేల్చినందుకు నాలుగో తరగతి సిబ్బంది గేటు దగ్గర నిలబడి, కునుకు మాకొద్దు, నిద్ర కావాలి అని నినాదాలు చేశారు. చర్చల మీదట వాళ్లకు పలచటి దిండు, పండగ రోజుల్లో తేలిక నిద్ర ఇచ్చారు.

అంతా అయ్యాక తెలిసింది, ఎవరికీ నిద్ర పట్టడం లేదని. రికార్డు గుమాస్తా అప్పలాచారి పద్దెనిమిదేళ్లుగా భోజనం దగ్గర్నుంచి కాఫీ వేళ దాకా కుర్చీలో హాయిగా పడుకున్న మనిషి. ఇప్పుడు మంచమూ దిండూ ఇచ్చి, పేరు రాసుకుని, పడుకోమంటే కళ్లు పత్తికాయల్లా తెరుచుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. పని లేని సమయమున బుద్ధిపూర్వకముగా మెలకువగా ఉన్నందులకు తమపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపగలరు అని పేరిశాస్త్రిగారు మెమో ఇచ్చారు. అప్పలాచారి ఏడుపు మొహంతో తన పాత కుర్చీ అడిగి పుచ్చుకుని, ముందు ఒక ఫైలు తెరిచి, చేతిలో కలం పట్టుకుని, పై అధికారి వస్తున్నాడేమోనని ఒకసారి గుమ్మం వైపు చూసుకున్నాడు. అంతే, గుర్రు మొదలైంది. ఆ పద్ధతి అందరికీ వైద్య కారణాల మీద అనుమతించారు. రెండోవారానికి ఆఫీసంతా ఫైళ్లు తెరుచుకుని నిద్రపోతోంది. పైపైన చూసినవాడికి అంతా మునుపటిలాగే ఉంది. తేడా ఏమిటంటే ఇప్పుడు దానికి రిజిస్టరు ఉంది.

పైడితల్లికి మాత్రం ఇదేమీ మింగుడు పడలేదు. సుభాషిణికి టీ తెచ్చి ఇచ్చి గోడకు చేరగిలబడింది.

“ఏటమ్మా ఇది. పొద్దున్నే లెగిసి, వంట సేసి, రెండు బస్సులు మారి ఇంత దూరమొచ్చి పడుకోవాలా? ఇంటికాడే పడుకుంటే బస్సులయినా మిగులును గదా.”

“నేనే రాశాను పైడితల్లమ్మా ఆ కాగితం.”

“నువ్వా? మంచిదానివే. నీ మెడలో ఆ పచ్చకార్డేటి మరి?”

అది మెలకువ అనుమతి. పని ఉన్నవాళ్లు మెడలో వేసుకు తిరగాలి. డెబ్బయి మందిలో అది సుభాషిణి ఒక్కదానికే ఉంది. నడవాలో ఆమె పోతుంటే కుర్చీల్లోంచి జనం జాలిగా చూసేవారు.

ఇంతలో సమ్మతి పత్రం ఫైలు బయల్దేరింది. ఒక బల్ల నుంచి పక్క బల్లకు వెళ్లాలంటే గంట కొట్టించి మనిషిని లేపాలి, లేచినవాడు స్థిరపడాలి, స్థిరపడ్డాక సంతకం పెట్టాలి. ఆ పనయ్యేసరికి పక్కబల్ల మనిషి తన వంతు రాలేదని పడుకునేవాడు. సగటున ఒక్కొక్కరు లేచి పనిలోకి రావడానికి నలభై ఏడు నిమిషాలు పడుతోందని పేరిశాస్త్రిగారే లెక్కగట్టి, ఇది సహించరానిదని, మేలుకొలుపు జాప్య నివారణ సంఘం వేశారు. సంఘం మొదటి సమావేశంలో ఉపసంఘం వేసింది. ఉపసంఘం నివేదిక వచ్చేవరకు సంఘానికి పని లేదు కాబట్టి నిబంధన ప్రకారం నిద్రపోయింది.

సుభాషిణి జాప్యం తగ్గించడం ఎలాగో తెలిసిన మనిషి అని ఉపసంఘంలో వేశారు. ఆమె మూడు రోజులు గమనించి ఒక వింత కనిపెట్టింది. పగలంతా గంట కొట్టినా లేవని డెబ్బయి మంది సాయంత్రం ఐదింటికి ఏ గంటా లేకుండా, ఎవరూ లేపకుండా ఒక్క క్షణంలో లేచి నిలబడుతున్నారు. జాప్యం సున్నా. ప్రపంచంలో ఏ చిప్పూ అంత త్వరగా లేవదు. ఆ మాట ఆమె నవ్వుతాలుకే నివేదికలో రాసింది. పేరిశాస్త్రిగారు దాన్ని నవ్వుతాలుగా తీసుకోలేదు. ఆఫీసులోని గోడ గడియారాలన్నీ ఎల్లవేళలా ఐదు గంటలు చూపునట్లు అమర్చవలెను అని ఉత్తర్వు వేశారు. సోమవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు గడియారాలన్నీ ఐదుకు తిప్పారు. అనుకున్నట్టే డెబ్బయి మందీ ఒక్క క్షణంలో లేచారు. పదీ పన్నెండుకల్లా ఆఫీసులో ఎవరూ లేరు. స్కూటర్లు కొండ దిగిపోయాయి. ఆ రోజు కరెంటు వాడకం చరిత్రలోనే తక్కువగా నమోదయిందని డైరెక్టరుగారు ఢిల్లీకి రాశారు. గడియారాలను మాత్రం మర్నాడు మామూలుగా తిప్పించారు.

అలా ఫైలు మూడు వారాలు ప్రయాణం చేసి, గడువుకు ముందురోజు గురువారం మధ్యాహ్నం డైరెక్టరుగారి బల్ల చేరింది. ఇక కావలసింది ఒక్క సంతకం. సుభాషిణి ఊపిరి పీల్చుకుంది.

గురువారం సాయంత్రమే పేరిశాస్త్రిగారు కరెంటు మీటరు దగ్గర నిలబడి కనిపించారు. అంతా నిద్రపోతున్నా మీటరు ఇంకా తిరుగుతూనే ఉందని ఆయన బాధ. కారణం వెతికి పట్టుకున్నారు. పైడితల్లి తల మీద ఒక ఫ్యాను, పక్కన ఒక గంట. అంతటితో రెండు నిర్ణయాలు జరిగిపోయాయి. పైడితల్లి కూడా నిద్రపోవలెను. గంట మోగించుటకు ఇకమీదట డైరెక్టరుగారి లిఖితపూర్వక అనుమతి ఉండవలెను.

సుభాషిణి పరుగున వెళ్లి ఆయనను పట్టుకుంది. అందరినీ లేపే మనిషే పడుకుంటే లేపేది ఎవరని అడిగింది. డైరెక్టరుగారు పడుకుని ఉండగా గంటకు అనుమతి రాసేది ఎవరని అడిగింది. చిప్పులో కూడా ఒక చిన్న నెమ్మది గడియారం ఎప్పుడూ మెలకువగానే ఉంటుందనీ, అది ఇసుమంత కరెంటే తింటుందనీ, దాన్ని ఆపితే ఇక చిప్పు ఎప్పటికీ లేవదనీ, తమ విద్యలో మొట్టమొదట నేర్పే పాఠం అదేననీ చెప్పింది. పేరిశాస్త్రిగారు ఓపికగా విన్నారు.

“అది మీ చిప్పులో ఉన్న లోపం మేడం. సరిదిద్దుకోండి.”

శుక్రవారం ఉదయం పదిన్నరకు సుభాషిణి డైరెక్టరుగారి గదికి వెళ్లేసరికే తలుపు మీద గాఢ నిద్ర అని బోర్డు వేలాడుతోంది. ఆ బోర్డు ఉండగా లోపలికి వెళ్లే అధికారం పేరిశాస్త్రిగారికి ఒక్కరికే ఉంది. పేరిశాస్త్రిగారు తన గదిలో రెండు దిండ్ల మీద, అర్ధ నిద్ర కాబట్టి ఒక కన్ను మూసి ఒక కన్ను కొంచెం తెరిచి, పడుకుని ఉన్నారు. ఆ తెరిచిన కంటి ముందు సుభాషిణి చెయ్యి ఊపింది. అది ఆమెను చూసింది. చూసిందని ఆమెకు తెలుసు. కాని గంట మోగలేదు కాబట్టి ఆ కన్ను చూడనట్టే ఉండిపోయింది.

పన్నెండయింది. రెండయింది. గడియారాన్ని ఐదుకు తిప్పుదామా అనుకుంది. కాని లేచినవాళ్లు సంతకం దగ్గర ఆగరు, స్కూటర్ల దగ్గర తేలతారు. గంట తానే నొక్కుదామని వెళితే దాని మీట ఊడదీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. డైరెక్టరుగారి గదికి ఫోను చేసింది. ఏ ఫోనయినా ముందు పైడితల్లి ఎత్తి కలపాలి, ఆమె నిద్రలో ఉంది. మూడుంబావుకు బొమ్మనంతా కార్ఖానా కంప్యూటరులోకి ఎక్కించి, ఒక్క సమ్మతి పత్రం కోసం ఖాళీ వదిలిన గడిని చూస్తూ కూర్చుంది. మూడేళ్లు ఆ గడి ముందు ఆగిపోయాయి. కొండ ఊరి నర్సమ్మ పెట్టె పారబోస్తున్న దృశ్యమే కళ్లలో తిరుగుతోంది. నాలుగయ్యాక లేచి నడవాలోకి వచ్చింది.

పైడితల్లి చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

“పైడితల్లమ్మా.”

“నాను నిద్దర్లో ఉన్నానమ్మా. మాటాడకూడదు.”

“ఐదింటికి మూసేస్తారు. ఇంకో గంట కూడా లేదు.”

“తెలుసు. పొద్దుట్నించి సూత్తన్నాను, కాలు కాలిన పిల్లిలాగ తిరుగుతున్నావు. లేపితే నా ఉజ్జోగం పోద్ది, నాను లేపలేను.” తల కొంచెం ఎత్తి గొంతు తగ్గించింది. “ఆ కాయితంలో నిద్దర్లో కలవరించకూడదని ఏటైనా రాసేరా?”

సుభాషిణి సర్క్యులరు తెచ్చి నడవాలోనే నిలబడి పద్నాలుగు నిబంధనలూ చదివింది. గురక గురించి ఉంది. చొంగ గురించి ఉంది. పక్కవాడి దుప్పటి లాగడం గురించి ఉంది. కలవరింత గురించి లేదు.

“లేదు.”

“అయితే నువ్వలా తప్పుకో.”

పైడితల్లి చాప చుట్టి చంకలో పెట్టుకుంది. నిద్రలో నడవకూడదనీ రాయలేదు కాబట్టి నడిచి వెళ్లి, డైరెక్టరుగారి గుమ్మం ముందు చాప పరిచి, బుద్ధిగా పడుకుని, కళ్లు మూసుకుంది. తర్వాత కొండ అవతల చేపలవాళ్లకు కూడా వినబడేలా కలవరించింది.

“పాము. నల్లపామమ్మోయ్. బాబుగారి గదిలోకెల్లిపోతన్నాది.”

ఆ కొండ మీద పాములు లేకపోలేదు. డెబ్బయి మందీ లేచారు. అప్పలాచారి బీరువా ఎక్కాడు. మేలుకొలుపు జాప్య నివారణ సంఘం మొత్తం ఒకే బల్ల మీద నిలబడింది. పేరిశాస్త్రిగారు రెండు కళ్లూ తెరిచి, రెండు దిండ్లూ రెండు కాళ్లకూ అడ్డం పెట్టుకుని గెంతుకుంటూ వచ్చారు. డైరెక్టరుగారి గది తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. తలుపు తీసినాయన వెంటనే ధోవతి ఎగ్గట్టి కుర్చీ ఎక్కేశారు. పైడితల్లి మాత్రం చాప మీద హాయిగా నిద్రపోతూ ఉంది.

అప్పటికి నాలుగూ ఇరవై.

సుభాషిణి సమ్మతి పత్రమూ కలమూ పట్టుకుని కుర్చీ దగ్గరకు వెళ్లేసరికి పేరిశాస్త్రిగారు అడ్డం వచ్చారు. స్థిరపడకుండా సంతకం చెల్లదు. నిద్ర లేచిన అధికారి తన పేరు, హోదా, ఆనాటి వారం వరసగా మూడుసార్లు తప్పు లేకుండా చెప్పాలి. ఒక్కటి తప్పినా లెక్క మళ్లీ సున్నా నుంచి. స్థిరపడేవరకు గడియారం మాట వినకూడదన్న సుభాషిణి వాక్యాన్ని ఆయన చేసింది ఇదే. చిప్పులో ఈ లెక్కంతా సెకనులో లక్షో వంతుకు ముందే అయిపోతుంది. ఇక్కడ మనుషులు చేయాలి.

అయితే ఒకరిని స్థిరపరిచే మనిషి ముందుగా తాను స్థిరపడి ఉండాలి. ఆఫీసు మొత్తంలో అలా ఉన్నది పచ్చకార్డు మనిషి ఒక్కతే. కాబట్టి ముందు సుభాషిణి పేరిశాస్త్రిగారిని అడిగింది. ఆయన రెండు విడతలు చక్కగా చెప్పి, మూడో విడతలో తన పేరు పూర్తిగా, తాతగారి పేరుతో సహా చెప్పబోయి మధ్యలో తడబడ్డారు. తానే చెయ్యెత్తి, సున్నా, అని ప్రకటించుకుని మొదటి నుంచి మొదలుపెట్టారు. నిబంధన విషయంలో ఆయన తనను కూడా వదిలే మనిషి కాదు. ఆయన స్థిరపడేసరికి నాలుగూ ముప్పై నాలుగు.

తర్వాత చెప్పడం డైరెక్టరుగారి వంతు, అడగడం పేరిశాస్త్రిగారి వంతు. ఆయన ఇంకా కుర్చీ మీదే ఉన్నారు.

“వారం?”

“గురువారం.”

“సున్నా సార్.”

“నిన్న గురువారమేగా?”

“నేటిది అడుగుతున్నాను సార్.”

రెండో ప్రయత్నంలో వారం సరిగ్గా వచ్చింది. హోదా అడిగితే జాయింట్ డైరెక్టరునన్నారు. ఆరేళ్ల కిందటి హోదా అది. గాఢ నిద్రలో ఆయన అంత లోతుకు వెళ్లి వచ్చారు. సున్నా. మూడో ప్రయత్నంలో రెండు విడతలు దాటి, మూడో విడతలో పేరు చెబుతుండగా మూల ఒక తాడు కదిలినట్టనిపించి నోరు మూతపడిపోయింది. సున్నా. సుభాషిణి చేతిలో కాగితం చెమటకు మెత్తబడింది. ఏడ్చేస్తుందేమోనని అప్పలాచారి బీరువా మీంచే జాలిపడ్డాడు. నాలుగో ప్రయత్నంలో కీర్తివర్ధనరావు, డైరెక్టరు, శుక్రవారం అని మూడుసార్లు, బడిపిల్లవాడు ఎక్కం అప్పజెప్పినట్టు, గుక్క తిప్పుకోకుండా చెప్పేశారు. గోడ గడియారం నాలుగూ నలభై తొమ్మిది చూపిస్తోంది.

డైరెక్టరుగారు కుర్చీ దిగి, కళ్లజోడు పెట్టుకుని, సంతకం చేశారు. చేసి, కాగితం ఇవ్వబోతూ ఆగి, పైన రాసిన నాలుగు ముక్కలూ చదివారు. చదువుతున్నకొద్దీ ఆయన మొహం వికసించింది. సుభాషిణికి భయం వేసింది. ఆ వికసించిన మొహాన్ని ఆమె జూన్‌లో ఒకసారి చూసింది.

“ఈ చిప్పు త్వరగా లేస్తుందన్నమాట.”

“అవును సార్. ఇరవై మైక్రోసెకన్లలో.”

“లేవడం ఎందుకమ్మా?”

సుభాషిణి ముందు ఆయన చేతిలోని పత్రం అందుకుంది.

ఆయన గదిలో పచార్లు చేస్తూ వివరించారు. నెలరోజుల అనుభవం మీద తనకు తేలిందేమిటంటే, కరెంటు ఆదా అయ్యేదంతా నిద్రలోనే. ఖర్చయ్యేదంతా మెలకువలో. అలాంటప్పుడు మేలుకొలుపు జాప్యాన్ని తగ్గించడమంటే చేతులారా ఖర్చును దగ్గరకు పిలుచుకోవడం. ఆ మేలుకొలుపు భాగాన్ని మొత్తం తీసేస్తే చిప్పు ఒక్కసారి నిద్రపోయి ఇక అలాగే ఉంటుంది, వాడకం సున్నా, బ్యాటరీ కలకాలం వస్తుంది. బ్యాటరీ కూడా అక్కర్లేకపోవచ్చు.

“ఆ భాగం తీసేసి పంపించమ్మా సుభాషిణీ. ప్రపంచంలో ఎక్కడా లేని చిప్పవుతుంది.”

“సార్, టీకా పెట్టెలో...”

“పెట్టెను కూడా నిద్రపోనివ్వండి.”

సుభాషిణి గడియారం వైపు చూసింది. నాలుగూ యాభై రెండు. అప్పుడే పేరిశాస్త్రిగారు గొంతు సవరించుకున్నారు. జీవితంలో మొట్టమొదటిసారి ఆమెకు ఆయన గొంతు తీయగా వినిపించింది.

“సార్ క్షమించాలి. నిద్ర లేచిన గంటలోపు అధికారులిచ్చు నోటి ఆదేశములు అమలుపరచరాదు. తమరే ఆమోదించారు. తమ ఆదేశము లిఖితపూర్వకముగా డిస్పాచ్ విభాగము ద్వారా నంబరు వేయబడి మేడముకు చేరవలెను.”

“అయితే రాయండి.”

డైరెక్టరుగారు చెప్పారు, పేరిశాస్త్రిగారు నిలబడే రాశారు. రాసిన కాగితం పట్టుకుని డిస్పాచ్ గదికి వెళ్లి, అలాగే తిరిగి వచ్చారు. పాము లేదని తేలిపోవడంతో డిస్పాచ్ గుమాస్తా పని లేదని మళ్లీ పడుకున్నాడట. లేపడానికి గంట మోగించాలి. గంట మీట బీరువాలో ఉంది. బీరువా మీద అప్పలాచారి ఉన్నాడు.

సుభాషిణి సంతకమైన పత్రాన్ని గుండెకు హత్తుకుని, పేరిశాస్త్రిగారిని చాలా వినయంగా అడిగింది.

“ఆ ఆదేశం నా చేతికి వచ్చేవరకు నేను ఆగాలాండీ?”

పేరిశాస్త్రిగారు ఆమె అజ్ఞానానికి నొచ్చుకున్నారు.

“రాని ఆదేశానికి ఆగడం ఏమిటి మేడం? రానిది లేనట్టే. తమ చేతనున్న పత్రము ప్రకారము నడుచుకొనుడు.”

ఆమె నడుచుకోలేదు, పరుగెత్తింది. పత్రం ఎక్కించి మీట నొక్కేసరికి నాలుగూ యాభై ఎనిమిది. కార్ఖానా నుంచి అందినది అని ఒక్క ముక్క వచ్చింది. రెండు నిమిషాలకు ఆఫీసంతా ఒక్క క్షణంలో లేచి కొండ దిగిపోయింది.

ఆ ఏడాది కరెంటు ఆదాలో చిప్పుల ఆఫీసుకు ఢిల్లీలో షీల్డు ఇచ్చారు. కీర్తివర్ధనరావుగారి కృషిని గుర్తించి ఆయనను విపత్తుల నివారణ విభాగానికి సలహాదారుగా పంపారు. కొత్త డైరెక్టరు వచ్చి ఆయన పెట్టిన నియమాలను అలాగే ఉంచారు. వాటిని రద్దు చేసే కాగితం డిస్పాచ్‌లో ఉందని చెప్పుకునేవారు.

డిసెంబరులో కార్ఖానా నుంచి చిప్పులు వచ్చాయి. ధనియపు గింజంత ఉన్నాయి. సుభాషిణి మొదటిదాన్ని బల్ల మీద బిగించి, నిద్రపుచ్చి, లేపింది. పంతొమ్మిది మైక్రోసెకన్లు. నమ్మలేక మళ్లీ నిద్రపుచ్చి మళ్లీ లేపింది. అలా వెయ్యిసార్లు లేపింది, అది ఒక్కసారయినా విసుక్కోలేదు. పైడితల్లి వెనక నిలబడి, దీనికి తానం పానం ఏటీ అక్కర్లేదా అమ్మా అని అడిగింది.

జనవరి చివరకు పది పరికరాలు సిద్ధమయ్యాయి. వాటిని పాడేరు పంపడానికి సుభాషిణి అట్టపెట్టె కడుతుండగా డిస్పాచ్ గుమాస్తా ఒళ్లు విరుచుకుంటూ వచ్చి ఒక కవరు చేతిలో పెట్టాడు. లోపల జులై నాటి ఆదేశం ఉంది. మేలుకొలుపు భాగమును పూర్తిగా తొలగించి చిప్పును పంపవలెను. అమలుపరచి తిరుగు టపాలో తెలుపవలెను.

సుభాషిణి దాన్ని రెండుసార్లు చదివింది. నిబంధన అంటే నిబంధన. కుర్చీలో కూర్చుని, కాగితం అడుగున తన చక్కటి దస్తూరీతో జవాబు రాసింది.

“తమ ఆదేశము అందినది. చిప్పు ఇప్పటికే మేలుకొని పనిచేయుచున్నది. దానిని తిరిగి నిద్రపుచ్చుటకు తగు ఉత్తర్వులు దయచేయగలరు.”

కింద సంతకం చేసి, తేదీ వేసి, కవరులో పెట్టి, డిస్పాచ్ ద్వారా అని పైన పెద్ద అక్షరాలతో రాసి గుమాస్తా చేతికే ఇచ్చింది. అతను దాన్ని బల్ల మీద పెట్టుకుని, దాని మీద తల పెట్టుకున్నాడు. సుభాషిణి అట్టపెట్టె ఎత్తుకుంది. పాడేరు బస్సు పదకొండున్నరకు.